అద్దంలో నక్షత్రం

నేను ఒక ప్రయోగశాల పరికరాన్ని. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. నా పేరు చెప్పి జరిగినదానికి సిగ్గుపడవలసినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళలో పెద్దాయన ఫొటో పూలదండ వేసుకుని నా ఎదురుగోడ మీదే ఉంది. నేను గాజు తలుపుల బీరువాలో ఉన్నాను. ఆయన నావైపు చూడడు. బతికున్న రోజుల్లోనూ పెద్దగా చూసింది లేదు.

నన్ను మొదటిసారి చూసినవాళ్ళకు నేనేమిటో అంతుపట్టదు. ఒక టేకు పలక. దానిమీద బిగించిన ఇత్తడి రేకు. ఆ రేకు మధ్యలో నక్షత్రం ఆకారంలో సన్నటి నల్లదారి. వెనక నిటారుగా ఒక అద్దం, ముందు ఒక అడ్డుతెర. కూర్చున్నవాళ్ళు తమ చేతిని నేరుగా చూసుకోలేరు, అద్దంలోనే చూడాలి. తీగ కట్టిన లోహపు పుల్ల ఒకటి చేతికిస్తారు. ఆ పుల్లతో నక్షత్రం దారి వెంట ఒక చుట్టు తిరిగి రావాలి. అంతే పని. కాని అద్దంలో ముందుది వెనక్కి, వెనకది ముందుకి తిరగబడి కనిపిస్తుంది. పైకి పోనిద్దామనుకున్న చెయ్యి కిందికి పోతుంది. పుల్ల దారి తప్పి ఇత్తడికి తగిలితే పక్కనున్న లెక్కడబ్బా టిక్కుమంటుంది. ఒక టిక్కు, ఒక తప్పు.

మొదటిసారి నా ముందు కూర్చున్నవాళ్ళు ఎవరైనా తడబడతారు. కలెక్టరైనా, కంసాలైనా ఒకటే. రెండోసారికి కాస్త తగ్గుతుంది. పదిసార్లు గీసినవాళ్ళకు చెయ్యి దానంతటదే తిరుగుతుంది. నేను కొలిచేది పుట్టుకను కాదు, సాధనను. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి. తర్వాత జరిగిందంతా పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు ఈ ఒక్క ముక్క మరిచిపోయినందువల్ల జరిగిందే.

నేను పుట్టింది ఆగ్రాలో, పగలు కూడా దీపం వెలిగించుకునే ఒక ఇరుకు దుకాణంలో. నన్ను చేసిన మనిషి రేకు బిగించి, అద్దం తుడిచి, అమ్మకానికి పంపే ముందు తనే కూర్చుని గీసి చూశాడు. వరసగా టిక్కులు పడ్డాయి. తన చేతిని తనే తిట్టుకుని పకపకా నవ్వాడు. నా ముందు కూర్చుని నవ్విన పెద్దవాళ్ళలో ఆయనే మొదటివాడు. చివరివాడు కూడా ఆయనేనని అప్పుడు నాకు తెలియదు.

గడ్డి పరిచిన చెక్కపెట్టెలో రైలెక్కి కోస్తాలోని ఒక విశ్వవిద్యాలయానికి వచ్చాను. ఊరి పేరు మీకు అనవసరం. మనస్తత్వశాస్త్ర విభాగం వాళ్ళు నన్ను విప్పి, నంబరు వేసి, బల్లమీద పెట్టారు. విభాగాధిపతి ఆచార్య భుజంగరావు గారు వచ్చి, చూపుడువేలితో నా అద్దాన్ని తట్టి, "దీంతో మనం చాలా సాధించాలి" అన్నారు. కూర్చుని ఒక్క చుట్టు గీయలేదు.

అక్కడ విద్యార్థులు చేసే ప్రయోగాలను నేను మొదట గౌరవంగానే చూశాను. ఆ గౌరవం మొదటి పరీక్షల దాకా కూడా ఉండలేదు. ఇద్దరిద్దరు జతగా వచ్చేవారు. ఒకరు ప్రయోగం చేయించేవారు, రెండోవారు 'సబ్జెక్టు'. పుస్తకంలో ఒక గీత ఉంటుంది. తప్పులు ఒక్కో ప్రయత్నానికీ తగ్గుతూ నున్నగా కిందికి దిగే గీత. ఆ గీత రికార్డులో రావాలి. రాకపోతే మార్కులు రావు. మనుషుల చేతులు పుస్తకం ప్రకారం నడవవు కదా. మధ్యలో తుమ్ము వస్తుంది, పక్కవాళ్ళు నవ్విస్తారు, అరచెయ్యి చెమట పడుతుంది. మూడోసారి కంటే నాలుగోసారి ఎక్కువ తప్పులు పడతాయి.

"ఏమే, నీకు ఫలితం వచ్చిందా?" అని అడిగేది ఒకమ్మాయి.

"నాలుగోదాంట్లో ఎక్కువొచ్చాయే. ఏం చెయ్యను?"

"ఏం చేస్తావ్, తగ్గించి రాసుకో. నీళ్ళు జారినట్టు నున్నగా దిగాలి గీత. ఎక్స్‌టర్నలు గారు గీతే చూస్తారు, నీ మొహం చూడరు."

పొయ్యిమీద పప్పు ఉడికిందో లేదో పలుకు నలిపి చూడరు. పుస్తకంలో ఇంతసేపు అని ఉంది కాబట్టి ఉడికిందని రాసి, పచ్చిపప్పు వడ్డిస్తారు. తినేవాళ్ళు కూడా అదే పుస్తకం చదివినవాళ్ళు కాబట్టి బ్రహ్మాండంగా ఉందంటారు. ఏళ్ళ తరబడి నా బల్లమీద జరిగిన వంట ఇది. నేను నిజం టిక్కుమంటూనే ఉన్నాను, వాళ్ళు అబద్ధం రాసుకుంటూనే ఉన్నారు. పిల్లలు కదా, మార్కుల భయం కదా అని సరిపెట్టుకున్నాను. ఆ పిల్లలకు ఆ అలవాటు నేర్పినవాళ్ళ మీద మాత్రం సరిపెట్టుకోలేదు.

ఇప్పుడు వేసవి సంగతి చెప్పాలి.

ఆ ఊళ్ళో మే నెల ఎండ మామూలు ఎండ కాదు. విశ్వవిద్యాలయం మొత్తంలో కూలరు ఉన్నది మా గదికే. పరికరాలు పాడవుతాయని తెప్పించారు. సెలవుల్లో పాఠాలు ఉండవు, కూలరు ఉంటుంది. క్వార్టర్స్‌లోని అధ్యాపకుల భార్యలు మధ్యాహ్నం భోజనాలు కాగానే పిల్లల్ని మా గదికి తోలేవారు. "కాసేపు వీళ్ళని చూస్తుండవయ్యా, ఇంట్లో ఉంటే కునుకు తియ్యనివ్వరు" అని అటెండరుకు అప్పగించి వెళ్ళేవారు. అటెండరు గుమ్మంలో తువ్వాలు పరుచుకుని పడుకునేవాడు. పిల్లలు నామీద పడేవారు.

నా జీవితంలో సంతోషంగా గడిచిన రోజులు అవే. వాళ్ళు ఒక ఆట కనిపెట్టారు. టిక్కుమంటే అవుట్.

"ఒరేయ్, టిక్కంది! లే, లే, నా వంతు!"

"నువ్వు బల్ల కదిపావు, అందుకే అంది. నేను లేవను."

"తొండి చేస్తే రేపట్నుంచి ఆటలోకి రానియ్యం, పో!"

అందరిలోకి గట్టిది చారుమతి. భుజంగరావు గారి కూతురు. పదకొండేళ్ళు ఉంటాయేమో. నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, చుట్టు మీద చుట్టు తిరిగేది. వేసవి ముగిసేసరికి ఆ పిల్ల గీస్తుంటే నా లెక్కడబ్బాకు పనే ఉండేది కాదు. ఒకరోజు సాయంత్రం భుజంగరావు గారు కూతుర్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి చూశారు. "బాగా గీస్తున్నావే చారూ!" అని తల నిమిరి వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆయన కళ్ళతో చూశారు. ఈ మాట మళ్ళీ చెబుతున్నాను. కళ్ళతో చూశారు.

జూలైలో బడులు తెరిచాక ఆయన పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. ఒక గుంపు క్వార్టర్స్ పిల్లలు. రెండో గుంపు ఊరి చివర సంక్షేమ హాస్టల్ పిల్లలు. హాస్టల్ పిల్లల తల్లిదండ్రుల వృత్తి అన్నచోట అందరికీ ఒకే మాట రాశారు, 'కూలి' అని. వాళ్ళలో ఒకడి నాన్న మగ్గం నేసేవాడు. ఒకమ్మాయి తల్లి లేసులు అల్లేది. అడిగితే తెలిసేది. ఎవరూ అడగలేదు.

హాస్టల్ పిల్లల్ని బస్సు దింపి, ఎండలో వరస కట్టించి, ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. అప్పుడే కోటరత్నాన్ని నేను చూశాను. చారుమతి ఈడుదే. నూనె రాసి బిగించి అల్లిన జడ, చేతులు రెండూ గౌనులో చుట్టుకుని నిలబడింది. భుజంగరావు గారు కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది.

"ఈ పుల్లతో చుక్క చుట్టూ గియ్యాలి. అద్దంలోనే చూడాలి. మొదలుపెట్టు."

గీసింది. టిక్. టిక్. టిక్.

"అయ్యగారూ, ఇది తిరగబడతందండీ" అంది.

"మాట్లాడకూడదు. గియ్యి."

"పైకి పోదామంటే కిందికి పోతందండీ. ఇంకోసారి మొదట్నుంచి గియ్యనా?"

"చెప్పిన పని చెయ్యి."

అంత గొప్ప పరిశోధకుడికి ఆ పిల్ల ఒక్క మాటలో నా గుట్టంతా విప్పి చెప్పింది. ఇది తిరగబడుతుంది, ఇంకోసారి గీస్తే వస్తుంది అంది. ఆయన చెవికి అది అల్లరిగా వినిపించింది. భుజం మీదుగా ఒంగి చూస్తూ నిలబడ్డారు. పిల్ల పుల్లను ఇంకా గట్టిగా బిగించి పట్టుకుంది. నేను టిక్కుమంటూ పోయాను. అది నా పని, వేరే పని నాకు రాదు.

మర్నాడు క్వార్టర్స్ పిల్లలు వచ్చారు. చారుమతి వచ్చి కూర్చుని, ఎవరూ చెప్పకముందే పుల్ల అందుకుని, చుట్టు తిరిగి పుల్ల పక్కన పెట్టి, "అయిపోయింది నాన్నగారూ" అంది.

"శభాష్" అన్నారాయన, కాగితం మీద తప్పుల గడిలో సున్నా చుడుతూ.

ఆ సున్నాల మీద, ఆ టిక్కుల మీద ఆయన ఒక సిద్ధాంతం లేవదీశారు. దాని పేరు తరాల హస్త సిద్ధాంతం. తరతరాలుగా మోటు పనులు చేసిన కుటుంబాల పిల్లల చేతులు నాజూకు పనిని ఆలస్యంగా నేర్చుకుంటాయట. సాధన చేసిన చేతిని, చెయ్యని చేతిని పక్కపక్కన పెట్టి, తేడా నెత్తురులో ఉందన్నారు. ఒక వేసవి పొడుగునా ఈత కొట్టిన పిల్లల్నీ, అప్పుడే నీళ్ళు చూసిన పిల్లల్నీ కాలవలోకి తోసి, మునిగినవాళ్ళది వంశదోషం అన్నట్టు. సభల్లో చప్పట్లు కొట్టారు. శాలువాలు కప్పారు. ఆయన కావాలని అబద్ధమాడి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు. దొంగకు తను దొంగనని తెలుసు. ఈయన మాత్రం తను రుషినని మనస్ఫూర్తిగా నమ్మాడు. కూతురు ఆడుకుంటుంటే చూసిన కళ్ళు ఆయనవే, కూతురికి వచ్చిన సున్నా చూసి మురిసిన కళ్ళూ ఆయనవే. ఆ రెండింటినీ కలిపి ఆలోచించే తీరిక ఆయనకు దొరకలేదు.

సిద్ధాంతం పుస్తకాల్లో ఉండిపోతే నేనింత గొంతు చించుకోను. జిల్లాలో గడియారాలు, కరెంటు మీటర్లు బాగుచెయ్యడం నేర్పే శిక్షణ కేంద్రం ఒకటి ఉండేది. వాళ్ళు సలహా అడిగారు. హాస్టల్ పిల్లలకు ఆ పనులు ఒంటబట్టవని, ఇటుక పనికి పంపితే రాణిస్తారని ఈయన సలహా ఇచ్చారు. ఆ తర్వాత అక్కడ సీట్లు ఎలా పంచారో చెప్పక్కరలేదు.

చాలా ఏళ్ళు గడిచాయి. నా ఇత్తడి నల్లబడింది, అద్దం మూల ఒకటి పెచ్చులూడింది. ఒకరోజు కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థిని నా ముందుకొచ్చి నిలబడింది. జడ అలాగే బిగించి అల్లింది. చేతులు మాత్రం చీరకొంగులో చుట్టుకోలేదు, నా పలక మీద ఆనించింది.

"నువ్వేనా" అంది నాతో. గదిలో ఎవరూ లేరు. "పదో తరగతి అయ్యాక గడియారాల కోర్సుకి పోతే, హాస్టల్ పిల్లలకి ఈ పని పడదమ్మా, రాసి ఉంది అన్నారు. ఎక్కడ రాసుందో చూద్దామని ఇంత దూరం చదువుకుంటూ వచ్చాను."

కోటరత్నం. భుజంగరావు గారి దగ్గరే పీహెచ్‌డీకి చేరింది. ఆయన గుర్తుపట్టలేదు. ఆయనకు గుర్తున్నది గుంపు, పిల్ల కాదు. ఆమెకు ఆయన ఇచ్చిన అంశం ఏమిటంటే, తన సిద్ధాంతాన్నే మరింతమంది పిల్లల మీద మళ్ళీ నిరూపించడం.

ఆమె తిన్నగా పని మొదలుపెట్టింది. పిల్లల్ని ఎండలో నిలబెట్టలేదు. అందరికీ ఒకే గది, ఒకే వేళ, ఒకే మాటలు. భుజం మీదుగా ఒంగి చూడలేదు, పక్కకు కూర్చుంది. పుల్ల చేతికిచ్చే ముందు ప్రతి పిల్లనూ, పిల్లవాడినీ ఒక్క ప్రశ్న అడిగింది. "ఇంతకుముందు దీన్ని ఎప్పుడైనా చూశావా?"

మొదటి రోజే క్వార్టర్స్ పిల్లవాడొకడు నవ్వాడు. "చూడ్డమేంటక్కా! సెలవుల్లో పొద్దస్తమానం ఆడతాంగా. టిక్కంటే అవుట్."

కోటరత్నం చేతిలో కలం ఆగిపోయింది. అద్దంలో ఆమె ముఖం నాకు కనిపించింది. అది సంతోషం కాదు. ఎవరో తన ఇంట్లో వస్తువు ఎత్తుకుపోయారని ఇన్నేళ్ళూ అనుకుని, అది పక్కింటి అరుగు మీద బాహాటంగా పడి ఉండటం చూసినదాని ముఖం.

అప్పటినుంచి పిల్లల్ని విడదీసింది. క్వార్టర్స్‌లో కొత్తగా దిగినవాళ్ళ పిల్లలు, అంటే నన్ను ఎన్నడూ ముట్టుకోనివాళ్ళు, హాస్టల్ పిల్లల్లాగే తడబడ్డారు. హాస్టల్ పిల్లల్లో కొందరికి వారం రోజులు నన్ను ఆటకు వదిలింది. వాళ్ళు క్వార్టర్స్ పిల్లలతో సమానంగా గీశారు. సిద్ధాంతం మొత్తం ఎండిన బురదలా రాలిపోయింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్ళకు ఒక మనిషి నేను చెప్పేది విన్నది.

ఫలితాలు తీసుకుని గైడు గారి బల్ల దగ్గరకు వెళ్ళింది. మా గదిలోనే ఆయన బల్ల.

"తేడా రాలేదు సర్."

"రాలేదంటే?"

"ముందు ఆడినవాళ్ళని వేరు చేస్తే, రెండు గుంపులకీ తేడా లేదు సర్."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. "చూడమ్మా, ఇంత పెద్ద పని చేస్తున్నప్పుడు అక్కడక్కడా ఇలాంటి పిల్లలు తగులుతారు. వాళ్ళని లెక్కలోంచి తీసెయ్. ఫలితం అదే వస్తుంది."

"ఏ పిల్లల్ని తియ్యాలి సర్?"

"ఫలితానికి అడ్డొచ్చేవాళ్ళని."

ఆమె కాగితాలు సర్దుకుంది. "అడ్డొస్తున్నది పిల్లలు కాదు సర్" అని మెల్లిగా అని బయటికి వెళ్ళిపోయింది. ఆయన వెనక నుంచి, "పొగరు ఎక్కువ" అన్నారు. నాతోనే అన్నారేమో. గదిలో ఇంకెవరూ లేరు.

థీసిస్ సమర్పించే ముందు సెమినారులో అందరి ఎదుటా మాట్లాడాలని నియమం. ఆ రోజు నన్ను కూడా హాల్లోకి మోసుకెళ్ళి వేదిక మీద పెట్టారు. అధ్యాపకులంతా వచ్చారు. రెండో వరసలో చారుమతి. అప్పటికి ఆమె అక్కడే లెక్చరరు. తండ్రి విభాగంలో కూతురికి ఉద్యోగం రావడాన్ని ఎవరూ సిద్ధాంతంగా రాయలేదు.

కోటరత్నం చెప్పవలసిందంతా చెప్పింది. గొంతు పెంచలేదు. చివర్లో అంది, "మొదటి ప్రయోగంలోని క్వార్టర్స్ పిల్లలు కూడా అంతకుముందు దీంతో ఆడి ఉంటారని నా అనుమానం. అలా అయితే సిద్ధాంతం నిలబడదు."

భుజంగరావు గారు లేచారు. "ఎవరూ ఆడలేదు. ల్యాబుకి తాళం ఉంటుంది. తాళం మా దగ్గర ఉంటుంది."

"మరి ఈ ఏడాది పిల్లలు ఎట్టా ఆడారండీ, తాళం పగలగొట్టుకునా?"

వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది. "ఈ మధ్య క్రమశిక్షణ తగ్గింది. ఆ రోజుల్లో లేదు ఇదంతా. అసలు ఆ రోజుల సంగతి నీకేం తెలుసు?"

"ఆ రోజు హాస్టల్ నుంచి వచ్చి ఇక్కడ కూర్చున్న పిల్లల్లో నేనొకదాన్ని సర్."

హాలంతా ఒక్కసారిగా కదిలింది. ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. ఒక్క క్షణమే. తర్వాత పెదవి మీద చిరునవ్వు వచ్చింది.

"అయితే ఇంకేం, నీకు పక్షపాతం ఉంది. నువ్వు చేసిన ప్రయోగం చెల్లదు. పరిశోధకురాలికి ఫలితంతో సంబంధం ఉండకూడదని మొదటి పాఠంలోనే చెబుతాం."

విన్నారా? సొంత కూతురుని గుంపులో కూర్చోబెట్టి సున్నా చుట్టిన మనిషి పక్షపాతం గురించి పాఠం చెప్పాడు. పరిశోధన పద్ధతులు ఎంత పదునైనవో ఆ రోజు నాకు తెలిసింది. వాటితో కూరగాయలూ తరగొచ్చు, ఎదుటివాళ్ళ గొంతూ కొయ్యొచ్చు. ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. తలలు ఊగాయి. అవునవును, పక్షపాతం అన్నాయి.

కోటరత్నం కదల్లేదు. "సరే సర్, నా మాట వద్దు. ఆనాటి క్వార్టర్స్ పిల్లలెవరైనా ఈ హాల్లో ఉంటే చెప్పమనండి. ఆడామనో, ఆడలేదనో. ఏది చెప్పినా అదే రాసుకుంటాను."

అందరి కళ్ళూ రెండో వరసకు తిరిగాయి. చారుమతి నావైపు చూసింది. నా ఇత్తడి మీద ఆమె చిన్నప్పుడు గోటితో గీసిన గీత ఇంకా ఉంది. ఆమెకు అది కనబడే దూరంలోనే ఉన్నాను. కలం మూత తీసింది, పెట్టింది.

"నాకు... సరిగ్గా గుర్తులేదు" అంది.

అంతే. నా జన్మలో ఎన్నో అబద్ధాల అంకెలు చూశాను. వాటన్నిటికంటే పెద్ద తప్పు ఆ రోజు జరిగింది. లెక్కడబ్బాకు తీగ తగిలించి లేదు కాబట్టి టిక్కుమనలేకపోయాను.

ఆ అధ్యాయం తీసేస్తే సంతకం పెడతానన్నారు గైడు గారు. ఆమె తియ్యలేదు. ఆయన పెట్టలేదు. సంతకం లేని థీసిస్ లోపలికి పోదు. ఆమె చదువు అక్కడ ఆగిపోయింది. వెళ్ళేరోజు తన దగ్గరున్న పుల్ల తిరిగివ్వడానికి మా గదికి వచ్చింది. అటెండరు టీకి వెళ్ళాడు. కోటరత్నం కుర్చీ లాక్కుని, ఈసారి అంచున కాదు, వెనక్కి ఆనుకుని కూర్చుంది. తీగ తగిలించింది. ఎడమచేత్తో నక్షత్రం చుట్టూ తిరిగింది. కొసల దగ్గర కూడా ఆగలేదు. టిక్కుమనే అవకాశమే నాకు ఇవ్వలేదు. తర్వాత తీగను నలగకుండా చుట్టి, పుల్లను దాని గూట్లో పెట్టి, అద్దం మీద దుమ్మును కొంగుతో తుడిచి వెళ్ళిపోయింది. ఆ ఫలితం ఎక్కడా నమోదు కాలేదు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. నన్ను అటక ఎక్కించారు. భుజంగరావు గారు పోయారు. విశ్వవిద్యాలయం స్వర్ణోత్సవాలకు మ్యూజియం పెడుతూ నన్ను దింపి, బ్రాసో పాలిష్‌తో తోమి, ఈ బీరువాలో పెట్టారు. నా కాళ్ళ దగ్గర ఒక అట్ట. 'ఆచార్య భుజంగరావు గారు తమ సుప్రసిద్ధ తరాల హస్త సిద్ధాంతాన్ని ఈ పరికరం సహాయంతో నిరూపించారు.' అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. రాసింది చారుమతి. ఇప్పుడు విభాగాధిపతి ఆమే. బీరువా తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది.

నా మీద అబద్ధం రాశారు, సరే. నా కాళ్ళ దగ్గరే పెట్టి, రోజూ నాచేత చదివిస్తున్నారు.

మొన్న చలికాలంలో ఒక గురుకుల పాఠశాల ఆడపిల్లలు చూడటానికి వచ్చారు. వాళ్ళ వెంట ప్రధానోపాధ్యాయురాలు. జుట్టు నెరిసింది, జడ మాత్రం అలాగే బిగించి ఉంది. ఆమె నా బీరువా ముందు ఆగి, అట్ట చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. గుమ్మం దగ్గర చారుమతి నిలబడిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. నమస్కారాలు అయ్యాయి. ఇద్దరి నమస్కారాల మధ్యా మంచు గడ్డకట్టి ఉంది.

"టీచర్, ఇదేందండీ? అద్దం ఎందుకు?" అని అడిగింది ఒక పిల్ల. ఎస్తేరట దాని పేరు.

"మేడమ్ గారిని అడుగు, చెబుతారు."

చారుమతి చెప్పింది. అద్దంలో చూస్తూ గీయడం, దారి తప్పితే టిక్కుమనడం, అన్నీ. సిద్ధాంతం జోలికి పోలేదు.

"నేనొకసారి గీస్తా మేడమ్!"

"ముట్టుకోకూడదమ్మా. పాతది."

"తాళం మీ దగ్గరే ఉంటుంది కదండీ" అంది కోటరత్నం. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

చారుమతి తాళం తీసింది. నన్ను బల్లమీద పెట్టారు. ఎస్తేరు కూర్చుంది. నా లెక్కడబ్బా ఎప్పుడో చచ్చిపోయింది. కాని పుల్ల పక్కకు జారగానే చుట్టూ ఉన్న పిల్లలంతా నోటితోనే అరిచారు. "టిక్! టిక్! అవుటే నువ్వు, లే!" వాళ్ళకు ఆ ఆట ఎవరూ నేర్పలేదు.

"నాకు రాదులే ఇది" అని ఎస్తేరు పుల్ల పడేసింది. "నా చెయ్యి మంచిది కాదు."

కోటరత్నం ముఖం చూడాలి అప్పుడు. "మొదటిసారి ఎవరికీ రాదే. కావాలంటే మేడమ్‌ని గీసి చూపించమను."

పిల్లలు చారుమతి మీద పడ్డారు. గియ్యండి మేడమ్, గియ్యండి మేడమ్. ఆమె ఇబ్బందిగా కూర్చుని పుల్ల అందుకుంది. చెయ్యి మరిచిపోలేదు. నాలుక కొస బయటికి వచ్చింది. వయసు మళ్ళిన ఆ వేళ్ళు నక్షత్రం కొసల చుట్టూ నీళ్ళలా తిరిగొచ్చాయి. టిక్కు అనడానికి పిల్లలు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు.

"అబ్బ! మీకెట్టా వచ్చింది మేడమ్?" అంది ఎస్తేరు.

"చిన్నప్పుడు ఆడేవాళ్ళం. వేసవి సెలవులన్నీ ఇక్కడే..." చారుమతి ఆగింది. ఆమె కళ్ళు అద్దంలో ఉన్నాయి. అద్దంలో ఆమె వెనక కోటరత్నం ఉంది.

"ఎవరెవరు ఆడేవాళ్ళండీ?" అని అడిగింది కోటరత్నం.

గదిలో పిల్లలకు ఏమీ తెలియదు. మేడమ్ మళ్ళీ గీస్తారేమోనని ఆమె చేతివైపే చూస్తున్నారు.

"క్వార్టర్స్ పిల్లలం అందరం."

"ప్రయోగానికి ముందా, తర్వాతా?"

"ముందే" అంది చారుమతి. "నాన్నగారు కూడా చూశారు."

కోటరత్నం తల ఊపింది, అంతే. క్షమించానని అనలేదు. ఎందుకంటుంది? గడియారాల కోర్సుకు పోయి వెనక్కి తిరిగొచ్చిన పిల్లలందరి తరఫునా క్షమించడానికి ఆమె ఎవరు? చారుమతి చేతిలోంచి పుల్ల తీసి ఎస్తేరుకు అందించింది. "ఊఁ, రెండోసారి గియ్యి" అంది. రెండోసారి పిల్లలు తక్కువసార్లు అరిచారు.

వాళ్ళు వెళ్ళాక నన్ను మళ్ళీ బీరువాలో పెట్టారు. చారుమతి తాళం వెయ్యబోతూ అట్టను చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడింది. ఎదురుగోడ మీద తండ్రి ఫొటో వైపు చూసింది. అట్టను మళ్ళీ అక్కడే పెట్టి తాళం వేసింది.

అది ఇంకా ఇక్కడే ఉంది. ఒక జీవితమంతా ఆలస్యంగా, పదిహేనుమంది పిల్లల ముందు, పొరపాటున నోరు జారి చెప్పిన నిజానికి నేను కరిగిపోతానని మీరు అనుకుంటే, ఇత్తడి సంగతి మీకు తెలియదన్నమాట. నా కోపం అలాగే ఉంది. మీరు ఎప్పుడైనా ఈ గదికి వస్తే అట్ట చదివి తలలూపుతూ వెళ్ళిపోకండి. తాళం తీయమని అడగండి. కూర్చోండి. తడబడండి. తర్వాత ఇంకోసారి గీయండి.